ప్రింటర్‌తో పాటు వెర్నియర్ కూడా ఇవ్వండి

ప్రతి పాలిటెక్నిక్‌కీ త్రీడీ ప్రింటర్ (ప్లాస్టిక్‌ను కరిగించి పొర మీద పొరగా పేర్చి వస్తువు చేసే యంత్రం) ఇస్తే ఉద్యోగాలొస్తాయని మీ పత్రిక వ్యాసంలో రాశారు. దానిమీద ఏం చేయిస్తారన్నదే అసలు ప్రశ్న. నెట్‌లోంచి దించిన ఫైలుతో వినాయకుడి బొమ్మ తీస్తే వచ్చే విద్య శూన్యం. 5, 6, 8 మి.మీ. రంధ్రాలున్న పలకను విద్యార్థితోనే క్యాడ్‌లో (కంప్యూటర్ డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో) గీయించి, పీఎల్ఏ అనే ప్లాస్టిక్‌తో ప్రింట్ తీయించి, సన్నని కొలతలు చూపే వెర్నియర్‌తో కొలిపించండి. రంధ్రాలు సాధారణంగా 0.1 నుంచి 0.3 మి.మీ. చిన్నగా వస్తాయి, ఎందుకంటే వంపు తిరిగేచోట కరిగిన ప్లాస్టిక్ లోపలికి జరుగుతుంది, చల్లారి కుంచించుకుంటుంది. డ్రాయింగ్ సరిచేసి మళ్లీ తీయాలి. తర్వాత ఒకే కొక్కేన్ని పడుకోబెట్టి ఒకటి, నిలబెట్టి ఒకటి తీసి బరువు వేలాడదీయండి. నిలబెట్టింది పొరల మధ్య పుటుక్కుమంటుంది. ఏబీఎస్ అనే మరో ప్లాస్టిక్‌కైతే బెడ్ (వస్తువు తయారయ్యే అడుగు పలక) 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరుండాలి, ప్రింటర్ చుట్టూ మూత ఉండాలి. లేదంటే గాలికి వస్తువు చల్లారి మూలలు పైకి లేచిపోతాయి. మన ల్యాబుల్లో సీలింగ్ ఫ్యాన్ ఆపేదెవరో మరి!