పురచేతికి పెద్దపీట

ఎడమచేత్తో ప్రసాదం పట్టబోతే మా అమ్మమ్మ మొట్టికాయ వేసేది. ఎడమచేత్తో నోటిస్తే మా వీధి కిరాణాకొట్టు ఆయన ఈనాటికీ పుచ్చుకోడు. ఇంత పకడ్బందీగా నడుస్తున్న సంప్రదాయం మీద ఐరోపా వాళ్లు దొంగదెబ్బ తీశారని ఈమధ్యే తెలిసింది. ఆ దెబ్బ పేరు ఈఎన్ ఐఎస్ఓ 11393-4. చెట్లు కోసే గొలుసు రంపం మిషన్, అంటే చైన్‌సా, పట్టేవాళ్లకు గ్లౌజులు ఎలా ఉండాలో చెప్పే ప్రమాణం.

ఆ లెక్కన తయారయ్యే జతల్లో చాలావాటికి కోతను ఆపే పొర ఎడమచేతి వెనక మాత్రమే ఉంటుంది. అన్నం కలిపే చెయ్యి, అక్షింతలు వేసే చెయ్యి, దానికేమో వట్టి తోలు!

వాళ్ల వాదన వినకుండా తిడితే బాగుండదు కాబట్టి విన్నాను. ముందు పిడి పట్టేది ఎడమచెయ్యి. కుడిచెయ్యి వెనక కూర్చుని ఎక్స్‌లేటర్ నొక్కుతుంది, పెళ్లిలో పెదనాన్నలాగ. గొలుసు తిరిగే బ్లేడు కొస పైభాగం దేనికైనా తగిలిందా, మిషన్ ఎగిరి మన మీదికే వస్తుంది. అప్పుడు దారిలో ఉండేది ఎడమచేతి వెనకభాగమే. పుట్టుకతో ఎడమచేతి వాటం ఉన్నవాళ్లయినా ఇలాగే పట్టుకోవాలి. మిషన్ కట్టిందే అలాగ.

ఆ పొర ఇనుప రేకేమో అనుకున్నాను. కాదు, పొడుగాటి పీచు. తాటిపండు చీకినవాడి పళ్లలో ఇరుక్కున్నట్టు గొలుసు పళ్లకు చుట్టుకుని, లోపలి చక్రందాకా పోయి, మిషన్ని నిలబెట్టేస్తుంది. దీనికి తరగతులున్నాయి. గొలుసు సెకనుకు 16 మీటర్లు తిరిగితే ఆపేది సున్నా తరగతి. ఆపైన 20, 24, 28. సున్నా వచ్చినా పాసే! 28 మీటర్లంటే గంటకు 100 కిలోమీటర్ల పైమాట. అంతకన్నా వేగంగా తిరిగితే గ్లౌజు పూచీ లేదు. గ్లౌజుల్లో 'A' రకంలో వేళ్లకు రక్షణ ఉండదు, 'B' రకంలో వేళ్ల వెనక కూడా ఉంటుంది.

ఇంత చదువుకుని హార్డ్‌వేర్ షాపుకి వెళ్లాను.

"చుక్కలవా అండీ, చుక్కల్లేనివా?"

తెల్ల నూలు గ్లౌజులు, అరచేతిలో ప్లాస్టిక్ చుక్కలు. రంపం మిషన్‌కి అన్నాను. ఆయన జాలిగా చూసి, బూడిదరంగు జత తీసి, దాని మీద కత్తి పెట్టి బరబరా రుద్దాడు. తెగలేదు. నిజమే, కత్తికి తెగదు. పరిగెత్తే గొలుసు కత్తిలాగా రుద్దదని ఆయనకెలా చెప్పను? చివరికి ఊళ్లో దొరక్క నగరంనుంచి తెప్పించాను.

గాలివానకు ఒరిగిన మా వేపచెట్టు కొయ్యడానికి మేస్త్రీ వచ్చాడు. తలకు తువ్వాలు, కాళ్లకు హవాయి చెప్పులు. కుడిచేత్తో ఒంటిగా మిషన్ ఆడిస్తున్నాడు. ఎడమచేతిలో బీడీ. ఐరోపా మేధావులు గొలుసుకు పీచు పెట్టి తంటాలు పడుతున్న సమస్యను మావాడు మొదట్లోనే తుంచేశాడు: ఎడమచెయ్యి అసలు మిషన్ దగ్గరే లేదు.

ఆపమని బతిమాలి, రెండు చేతులతో పట్టుకోమని, గ్లౌజులిచ్చాను. బీడీ చెవి వెనక పెట్టుకుని రెండిటినీ నొక్కి చూశాడు.

"ఒకటి మందంగా, ఒకటి పల్చగా ఉందేంటండీ? జత కలవలేదు. సెకండ్సు అంటగట్టేశాడు మీకు. బిల్లుందా?"