ఎల్గిన్ ఇంటి అప్పుల పద్దు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు. స్కాట్లాండ్‌ జమీందారు, ఏడో ఎల్గిన్ ప్రభువు థామస్ బ్రూస్ మూడేళ్ల తేడాలో ఈ రెండూ పెట్టుకున్నాడు. 1796లో డన్ఫర్మ్‌లిన్ దగ్గర బ్రూమ్‌హాల్ భవనం పని మొదలెట్టాడు. 1799లో బాగా ఆస్తిపాస్తులున్న మేరీ నిస్బెట్‌ను పెళ్లాడాడు. ఆ ఏడాదే టర్కీలోని ఆటోమన్ సుల్తాను దగ్గరికి బ్రిటన్ రాయబారిగా వెళ్లాడు.

ఎల్గిన్ అనగానే ఏథెన్స్‌లోని పార్థెనాన్ అనే పురాతన గుడి నుంచి ఆయన తెచ్చిన శిల్పాలు గుర్తొస్తాయి. ఆయన దొంగా, రక్షకుడా అని రెండొందల ఏళ్లుగా కొట్టుకుంటూనే ఉన్నారు. నన్నడిగితే ఆ ఇంటి కథను శిల్పాల వైపు నుంచి కాకుండా అప్పుల వైపు నుంచి చదవాలి.

మొదట ఆయన అనుకున్నది గ్రీకు శిల్పాలకు అచ్చులు తీయించి, బొమ్మలు గీయించి తెద్దామనే. ఆ ఆలోచన ఎక్కించింది బ్రూమ్‌హాల్ ఆర్కిటెక్ట్ థామస్ హారిసన్. అప్పట్లో ఏథెన్స్ ఆటోమన్ పాలనలో ఉండేది. 1801లో ఆ సర్కారు ఫర్మానా చేతికొచ్చాక వ్యవహారం మారిపోయింది. ఇప్పుడు మిగిలింది దాని ఇటాలియన్ అనువాదం మాత్రమే. కొన్ని రాతి ముక్కలు తీసుకెళ్లవచ్చని అందులో ఉంది. ఆ ‘కొన్ని’ కాస్తా 75 మీటర్ల శిల్పాల వరుస, 15 చతురస్రపు పలకలు, 17 విగ్రహాలు అయ్యాయి. శిల్పాల వరుసలోని రాళ్లు మరీ బరువుగా ఉన్నాయని వెనక వైపు రాయిని రంపాలతో కోసేశారు. 1802లో ఓ ఓడ మునిగిపోతే గజ ఈతగాళ్లను పెట్టి పెట్టెలన్నీ పైకి తీయించడానికి రెండేళ్లు పట్టింది. ఖర్చంతా ఎల్గిన్‌దే. తిరిగొస్తూ ఫ్రాన్స్‌లో నెపోలియన్‌కు బందీ అయ్యాడు. తర్వాత విడాకులయ్యాయి, భార్యతోపాటు ఆమె ఆస్తీ పోయింది. తనకు 74 వేల పౌండ్లు అయ్యాయని లెక్క చూపిస్తే 1816లో శిల్పాలు కొనుక్కుని బ్రిటిష్ పార్లమెంటు చేతిలో పెట్టింది 35 వేలు. అప్పులవాళ్లకు దూరంగా ఫ్రాన్స్‌లో కాలం గడిపి 1841లో పారిస్‌లో పోయాడు.

అన్నట్టు, ఇందులో మనకూ ఓ ముడి ఉంది. స్కాట్లాండ్‌లోనే మరో భూస్వామ్య కుటుంబానికి చెందిన వాల్టర్ ఎలియట్ 1845లో గుంటూరు కమిషనర్‌గా వచ్చి అమరావతి స్తూపం దగ్గర తవ్వించాడు. ఆ రాళ్లు మద్రాసు మీదుగా లండన్ చేరాయి. ఎల్గిన్ మార్బుల్స్ లాగే వీటినీ ఒకప్పుడు ఎలియట్ మార్బుల్స్ అనేవారు. ఈనాటికీ రెండూ ఒకే చోట, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి.

ఎల్గిన్ కొడుకు జేమ్స్‌కు బిరుదుతోపాటు ఆ అప్పులూ సంక్రమించాయి. ఎస్టేటు రాబడితో గడిచే పరిస్థితి లేదు, సర్కారు కొలువు కావాల్సిందే. 1842లో జమైకా గవర్నర్, 1847లో కెనడా గవర్నర్ జనరల్ అయ్యాడు. 1849 ఏప్రిల్ 25న మాంట్రియల్‌లో ఓ వివాదాస్పద బిల్లుపై సంతకం చేశాడు. 1837-38 తిరుగుబాటు కాలంలో ఆస్తులు పోయినవాళ్లకు పరిహారమిచ్చే బిల్లది. తిరగబడినవాళ్లకూ ఆ సొమ్ము ముడుతుందని మండిపడ్డ జనం ఆయన బండి మీద కోడిగుడ్లు, రాళ్లు విసిరారు, ఆ రాత్రే పార్లమెంటు భవనాన్ని తగలబెట్టారు. ఆయన మాత్రం సైన్యాన్ని జనం మీదికి ఉసిగొల్పలేదు. ఎన్నికైన మంత్రులు చెప్పినట్టే గవర్నర్ నడుచుకోవాలన్న పద్ధతి అక్కడ అలా గట్టిపడింది.

పదకొండేళ్ల తర్వాత అదే మనిషి చైనాతో జరిగిన యుద్ధంలో, బీజింగ్ శివార్లలోని చక్రవర్తి వేసవి ప్రాసాదాన్ని కాల్చేయమని ఆజ్ఞాపించాడు. బందీలైన తమవాళ్లలో సుమారు 20 మంది చిత్రహింసలతో చనిపోయారన్నది కారణం. శిక్ష చక్రవర్తికే తగలాలి, ప్రజలకు కాదని సమర్థించుకున్నాడు. మాంట్రియల్‌లో చూపిన ఓర్పు తెల్లవాళ్ల కోసం దాచుకున్నదేనా అనిపిస్తుంది నాకు. 1862లో భారత వైస్రాయ్‌గా వచ్చి, మరుసటి ఏడాదే ధర్మశాలలో కన్నుమూశాడు. సమాధి అక్కడి దేవదారుల మధ్య చర్చి ఆవరణలో ఉంది.

మాంట్రియల్ మంటలు చల్లారిన మూడు వారాలకు పుట్టినవాడే ఆయన కొడుకు విక్టర్. 1894లో తండ్రి కుర్చీలో వైస్రాయ్‌గా కూర్చున్నాడు, అదీ ఇష్టం లేకుండానే. తండ్రీకొడుకులిద్దరూ వైస్రాయ్‌లైన ఇల్లు ఇదొక్కటే. 1896-97 కరువు ఆయన హయాంలోనే వచ్చింది. మన వైపు బళ్లారి, అనంతపురం, కర్నూలు, కడప జిల్లాలు అల్లాడిపోయాయి. వైస్రాయ్ జీతం మాత్రం ఏడాదికి 2,50,800 రూపాయలు. అది లండన్ ఖజానా నుంచి వచ్చేది కాదు. ఇక్కడి రాబడి నుంచే, అంటే అందులో పెద్ద వాటా అయిన రైతు శిస్తు నుంచే చెల్లించేవారు. 1899లో పదవి దిగి ఆయన బ్రూమ్‌హాల్‌కు తిరిగి వెళ్లిపోయాడు.