జాలరిపేట పిల్లకి నీలి కళ్ళెందుకు?

నేను బొమ్మలు వేసిస్తున్న ఒక యాప్ వాళ్ళ దగ్గర్నుంచి ఇప్పుడే మెసేజ్ వచ్చింది. "మేడమ్, క్యారెక్టర్ బాగుంది కానీ కళ్ళు డల్‌గా ఉన్నాయి. బ్లూ గానీ గ్రీన్ గానీ పెట్టండి, పాప్ అవ్వాలి." ఆ క్యారెక్టర్ ఎవరో తెలుసా? మన విశాఖ సముద్రం ఒడ్డున ఉన్న పెదజాలరిపేట పిల్ల. తండ్రి వేటకెళ్తాడు, తల్లి చేపల గంప ఎత్తుకుని వీధులు తిరుగుతుంది. ఇది నేను కల్పించింది కాదు, పిల్లల కథల యాప్ కోసం వాళ్ళు పంపిన కథే. ఆ పిల్లకి నీలి కళ్ళు ఎక్కడినుంచి వస్తాయండీ అని అడిగితే "స్టైలైజ్డ్ కదా మేడమ్, కొంచెం ఫాంటసీ టచ్" అన్నారు. కథలో పడవ ఉంది, వల ఉంది, తుఫాను ఉంది. ఫాంటసీ ఎక్కడుంది?

ఒళ్ళు మండిపోతోంది, అందుకే పొడుగ్గా రాస్తున్నాను.

క్లయింట్ సంగతి తర్వాత. ముందు మనకి డిజిటల్ బొమ్మలు నేర్పే వీడియోల గురించి చెప్పాలి. కళ్ళకి రంగు వేయడం అనగానే నేను చూసినవన్నీ దాదాపు ఒకే దారి. నీలం బేస్ (అడుగు రంగు), పైన ముదురు, కింద లేత, దాని మీద కలర్ డాడ్జ్ లేయర్ (కింది రంగుని మెరిపించే పొర), సాఫ్ట్ బ్రష్‌తో నాలుగు గీతలు, రెండు తెల్ల చుక్కలు, అయిపోయింది. నీలం మీద అది మెరుస్తుంది, నిజమే. అదే దారి మన కళ్ళ మీద పెట్టి చూడండి. డాడ్జ్ అనేది కింద ఉన్న రంగుని బట్టే వెలుగుతుంది. కింద నలుపుంటే ఎంత రుద్దినా నలుపే, ముదురు గోధుమ ఉంటే నిప్పులా నారింజలోకి పోతుంది. పోనీ కింది రంగుని లేతగా చేసే స్క్రీన్ మోడ్ పెడదామా అంటే శుక్లం వచ్చిన కన్నులా పాలిపోతుంది. కొత్తగా నేర్చుకునే పిల్లలు ఏమనుకుంటారు? బ్రౌన్ కళ్ళు అందంగా రావు అనుకుంటారు. తప్పు కంటిదా, నేర్పిన పద్ధతిదా? ఇన్ని వీడియోల్లో ఒక్కరికైనా ఈ మాట చెప్పాలనిపించలేదా?

ప్రపంచంలో ఎక్కువ మందివి గోధుమ రంగు కళ్ళే. ఇంకో మాట, నీలి కళ్ళలో నీలం రంగు పదార్థమే లేదు. అక్కడ మెలనిన్ అనే గోధుమ రంగు పదార్థం తక్కువగా ఉండి వెలుగు చెదురుతుంది కాబట్టి మనకి నీలంగా కనిపిస్తుంది, అంతే. నిజంగా నిండుగా రంగున్నది మన కళ్ళలోనే, వాటినే డల్ అంటున్నారు!

మన కన్ను ఎలా వేయాలో నేను చెప్తాను, కావలసినవాళ్ళు దాచుకోండి. బేస్‌గా అచ్చ నలుపు వద్దు, ఎరుపు కలిసిన ముదురు గోధుమ తీసుకోండి. నల్లగుడ్డు అంచు చుట్టూ ఇంకాస్త ముదురు. తెల్లగుడ్డుకి పచ్చి తెలుపు వాడకండి, పై రెప్ప నీడ దాని మీద కూడా పడుతుంది, ఆ నీడని కింది రంగుని ముదురు చేసే మల్టిప్లై మోడ్‌లో వేయండి. అసలు సంగతి దీని తర్వాత. వెలుగు కంటిలోకి వంగి వెళ్ళి అవతలి పక్కన పడుతుంది, అందుకని పైన ఎడమవైపు నుంచి వెలుగు వస్తుంటే కింద కుడివైపు తేనె రంగు వెలగాలి. దాన్ని మామూలు లేయర్‌లోనే చేత్తో రంగు ఎంచుకుని వేయండి, మోడ్‌లని నమ్ముకోవద్దు. తెల్ల చుక్క పదునుగా ఒక్కటి చాలు. ముదురు కన్ను మీద ఆ ఒక్క చుక్క ఎంత కొట్టొచ్చినట్టు కనిపిస్తుందో లేత కన్ను మీద అంత కనిపించదు. వాళ్ళడిగే పాప్ అంటే ఇదే కదా!

పైగా నా బొమ్మలో ఆ పిల్ల సముద్రం ఒడ్డున నిలబడి ఉంది. తెల్ల చుక్క పక్కన ఆకాశం ప్రతిబింబంగా కొంచెం నీలం పెట్టాను, కింది రెప్ప దగ్గర ఇసుక రంగు పెట్టాను. నీలం కావాలంటే అక్కడే ఉంది, జూమ్ చేసి చూసే ఓపిక లేదు వీళ్ళకి. పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి చూడమనండి. మనకి సూర్యుడు సముద్రం మీంచే లేస్తాడు, ఆ ఏటవాలు ఎండలో వేలం పాట పాడే ఆడవాళ్ళ కళ్ళు తేనె రంగులో ఎలా వెలుగుతాయో చూసినవాళ్ళెవరూ డల్ అనే మాట అనలేరు. 2022లో జిల్లాలు విడదీసేదాకా మన విశాఖ జిల్లాలోనే ఉన్న ఏటికొప్పాకలో లక్క బొమ్మకి పెట్టేది నల్ల కన్నే. ఆ బొమ్మలకి 2017లో జీఐ (ఫలానా ఊరి సరుకు అని ఇచ్చే భౌగోళిక) గుర్తింపు వచ్చింది. వాటిని చూసి కళ్ళు మార్చమని అడిగారా ఎవరైనా?

అయినా యాప్ వాళ్ళనొక్కళ్ళనే అనడం ఎందుకు, మన పెళ్ళి ఆల్బమ్‌లు చేసేవాళ్ళు ఏం తక్కువ? ఇది నాకు ఎప్పటినుంచో ఉన్న మంట. మా అక్కకి అచ్చం మా అమ్మ కళ్ళే. అక్క పెళ్ళి ఆల్బమ్ ఇంటికొచ్చాక చూస్తే, తలంబ్రాల ఫొటోలో అక్క ఒళ్ళంతా తెల్లగా చేసేసి, కళ్ళకి బూడిద రంగు వేసేశారు. పక్కనే అమ్మ నిలబడి ఉంది, ఆమెని మాత్రం ముట్టుకోలేదు. ఒకే ఫొటోలో తల్లీకూతుళ్ళకి పోలిక లేకుండా పోయింది. వెళ్ళి అడిగితే "అందరూ ఇలాగే చేయమంటారమ్మా" అన్నారు. ఒరిజినల్స్ ఇవ్వమంటే డిలీట్ అయిపోయాయన్నారు. డబ్బు తీసుకుని మనిషి మొహం మార్చే హక్కు వీళ్ళకి ఎవరిచ్చారు? ఇంటికొచ్చిన చుట్టాలు అది చూసి "హీరోయిన్‌లా ఉందే" అని మెచ్చుకున్నారు. అక్క అందరి ముందూ నవ్వింది. వాళ్ళు వెళ్ళాక "అయితే మామూలుగా నేను బాగోనా?" అని నన్నడిగింది. ఏం చెప్పను? ఆ స్టూడియో వాళ్ళు వచ్చి చెప్పాలి ఆ జవాబు.

ఈ సీజన్‌లో ఇంట్లో పెళ్ళో, ఓణీల ఫంక్షనో పెట్టుకున్నవాళ్ళు అడ్వాన్స్ ఇచ్చేటప్పుడే గట్టిగా చెప్పండి. ఒంటి రంగు ముట్టుకోకూడదు, కళ్ళు ముట్టుకోకూడదు, ఒరిజినల్స్ అన్నీ పెన్‌డ్రైవ్‌లో ఇవ్వాలి. నోటిమాటకి ఊరుకోకండి, బిల్లు మీద రాయించుకుని సంతకం పెట్టించుకోండి. ఫ్లెక్సీ వేయించేవాళ్ళూ అంతే, ప్రింటుకి వెళ్ళకముందే ఫైలు చూసుకోండి.