ఉత్సాహం ఉండగా లెక్కలెందుకు?

ఇంటి నుంచే డైరెక్ట్ సెల్లింగ్, అంటే కంపెనీ సరుకును మనుషులకు నేరుగా అమ్మే వ్యాపారం, చేసేవారికి దుకాణం అక్కర్లేదు, పైన యజమాని అక్కర్లేదు. కావలసిందల్లా ఉత్సాహం. కొనేవాళ్లు కూడా కావాలని కొందరు వాదిస్తారు గాని, వాళ్లు నిరాశావాదులు. నేను ఈ వ్యాపారంలోకి వచ్చి రెండేళ్లయింది. ఈ రెండేళ్లలో నా దగ్గర తరగని నిల్వలు రెండే: ఒకటి ఉత్సాహం, రెండోది మంచం కింది అట్టపెట్టెలు.

ఉత్సాహం చెదరకూడదనుకునేవారు ముందుగా మానుకోవలసింది జమాఖర్చులు రాయడం. ఒకసారి తెలియక రాశాను. జమ వైపు కమీషను. ఖర్చు వైపు చేరినప్పుడు కొన్న సరుకు, సభ్యత్వం నిలవడానికి నెలనెలా కొంటున్న సరుకు, శాంపిళ్లు, మీటింగు టికెట్లు, ప్రయాణాలు. ఖర్చు వైపు కాగితం చాలక రెండో పేజీకి వెళ్లాను. నన్ను చేర్చిన అప్‌లైన్ పెద్దమనిషికి చూపిస్తే, "మీరు ఖర్చుల వైపు చూస్తున్నారు. కలల వైపు చూడండి" అన్నారు. అప్పటి నుంచి కలల వైపే చూస్తున్నాను. ఖర్చులు వస్తున్నది కూడా అటు నుంచేనని ఈ మధ్యే గమనించాను.

ఈ వ్యాపారానికి ఘనమైన చరిత్ర ఉంది. అమెరికాలో ఇంటింటికీ తిరిగి పుస్తకాలు అమ్మిన డేవిడ్ మెకానెల్, తాను కొసరుగా ఇస్తున్న అత్తరుకే గిరాకీ ఎక్కువని గ్రహించి 1886లో పరిమళాల కంపెనీ పెట్టాడు. అదే తర్వాత ఏవాన్ అయింది. కొనేవాళ్లకు ఏం కావాలో గమనించడమనే ఆ పాతకాలపు అలవాటు మాకు లేదు. ఇక బ్రౌనీ వైజ్. ఇళ్లలో పార్టీలు పెట్టి డబ్బాలు అమ్మించే పద్ధతిలో ఆమె ఎంత ఆరితేరిందంటే, ప్లాస్టిక్ డబ్బాల కంపెనీ టప్పర్‌వేర్ 1951లో దుకాణాల నుంచి తన సరుకు వెనక్కి తీసుకుని పూర్తిగా ఆ పార్టీలనే నమ్ముకుంది. 1954లో 'బిజినెస్ వీక్' ముఖచిత్రంపై కనిపించిన తొలి మహిళ ఆమే. 1958లో కంపెనీ ఆమెను తొలగించింది. మా మీటింగుల్లో చరిత్ర 1954 దగ్గరే ఆగుతుంది. తర్వాత చప్పట్లు.

వ్యాపారం పెంచుకోవడం మాత్రం చాలా సులభం. మీరు ఆరుగురిని చేర్చాలి, వారిలో ఒక్కొక్కరూ మరో ఆరుగురిని చేర్చాలి, అంతే. ఒక రాత్రి నిద్ర పట్టక కాలిక్యులేటర్ తీశాను. పదమూడో వరుసకు 1,306 కోట్ల మంది కావలసి వచ్చారు. భూమ్మీద ఉన్నది 800 కోట్ల పైచిలుకు. పొద్దున్నే అప్‌లైన్‌కు ఫోను చేసి తక్కినవాళ్ల సంగతి అడిగాను. "జనాభా పెరుగుతూనే ఉంది కదండీ" అని ధైర్యం చెప్పారు. నాయకత్వమంటే అదీ.

బంధుమిత్రులను మా పరిభాషలో వార్మ్ మార్కెట్ అంటారు. ఆ వెచ్చదనం మొదటి నెల వరకే. రెండో నెల నుంచి నా పేరు కనిపిస్తే ఫోన్లు మోగి మోగి ఆగిపోతాయి. పెళ్లిళ్లలో నేను కూర్చున్న వరుస ఖాళీగా ఉంటుంది, కాళ్లు చాపుకోవడానికి హాయి. ఇలాంటి రోజుల కోసమే అద్దం ఉంది. రోజూ దాని ముందు నిలబడి "నేను విజేతను" అని పదిసార్లు అంటాను. రెండేళ్లలో నా మాట కాదనని శ్రోత అదొక్కటే.

సరుకు అమ్మడం కంటే మనుషులను చేర్చడం మీదే నడిచే మోసాన్ని పిరమిడ్ పథకం అంటారు. 1979లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, డైరెక్ట్ సెల్లింగ్ కంపెనీ ఆమ్‌వే అలాంటిది కాదని తేల్చింది. అందుకు ఆధారమైన వాటిలో ఆ సంస్థ నియమాలు కూడా ఉన్నాయి: సరుకులో 70 శాతం అమ్మాలి, నెలకు 10 మంది వేర్వేరు కొనుగోలుదారులకు అమ్మినట్టు చూపాలి. పది మంది, అదీ వేర్వేరు మనుషులు! ఉత్సాహాన్ని నీరుగార్చడానికి ఇంతకంటే ఏం కావాలి? నా ఖాతాదారుల్లో మొదటివాణ్ని నేను, రెండో వ్యక్తి మా ఆవిడ, మూడోవాణ్ని మళ్లీ నేను.

అయినా పట్టుదల ఊరికే పోదు. పోయిన నెల బడిలో కలిసి చదువుకున్న స్నేహితుడు ఇరవై ఏళ్ల తర్వాత ఫోను చేసి, "ఎలా ఉన్నావురా? ఒకసారి కలవాలి" అన్నాడు. నా జాబితాలో అతని పేరు ఏడాదిగా ఉంది, వేటే నడిచి వస్తోందని మురిసిపోయాను. వచ్చాడు, చేతిలో సంచీతో. అతనిది వేరే కంపెనీ. నా అవకాశం గురించి నేను గంట చెప్పాను, తన అవకాశం గురించి అతను గంటంబావు చెప్పాడు. చివరికి అతను నా టూత్‌పేస్టు రెండు పెట్టెలు కొన్నాడు, నేను అతని పోషకాహార పొడి మూడు నెలలకు సరిపడా కొన్నాను. ఆ నెల ఇద్దరమూ టార్గెట్ అందుకున్నాం. వేర్వేరు మీటింగుల్లో ఇద్దరి ఫోటోలూ తెర మీద వేశారు. అతని డబ్బాలు మంచం కింద పట్టక అలమర మీదికి ఎక్కించాను.