ఉచిత క్రెడిట్లు సరే, డిగ్రీకి పనికొస్తాయా?

హైస్కూలు దాటకముందే కాలేజీ క్రెడిట్లు (పూర్తిచేసిన కోర్సుకు డిగ్రీలో లెక్కకొచ్చే యూనిట్లు) సంపాదిస్తే డిగ్రీ ఖర్చు ఆ మేరకు తగ్గుతుందని అమెరికాలో కలిగిన కుటుంబాలకు ఒకరు చెప్పనక్కర్లేదు. డల్లాస్ శివార్లలోని మన తెలుగిళ్లలోనూ ఈ లెక్కలు ముందుగానే మొదలవుతాయి. ఆ సంగతి తెలియనిదీ, తెలిసినా ఫీజు కట్టలేనిదీ పేదింటి పిల్లలే. టెక్సాస్ 2023లో హౌస్ బిల్లు 8 ద్వారా తెచ్చిన ‘ఫాస్ట్’ పథకం ఫీజు అడ్డంకిని తొలగించింది. గడచిన నాలుగేళ్లలో ఎప్పుడైనా స్కూల్లో ఉచిత లేదా రాయితీ భోజనానికి అర్హత పొందిన విద్యార్థి, పథకంలో చేరిన కాలేజీల డ్యూయల్ క్రెడిట్ కోర్సులను (హైస్కూల్లో ఉండగానే చదివితే స్కూలుకూ కాలేజీకీ లెక్కకొచ్చేవి) పైసా కట్టకుండా చదవవచ్చు. ఆ మేరకు కాలేజీకి ప్రభుత్వమే నిధులిస్తుంది. భోజనం రికార్డునే అర్హతకు ఆధారం చేయడం ఎంత తెలివైన పనో, ఆదాయ ధ్రువపత్రం కోసం తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరిగినవారికి వేరే చెప్పాలా?

అయితే ఫీజు పోయినంత మాత్రాన కోర్సు ఊళ్లోకి వచ్చేయదు. కాలేజీ స్థాయి పాఠం చెప్పాలంటే స్కూలు టీచరుకైనా సాధారణంగా మాస్టర్స్ డిగ్రీతో పాటు ఆ సబ్జెక్టులో పీజీ స్థాయిలో 18 క్రెడిట్లు ఉండాలి. అలాంటి టీచర్లు చిన్న ఊళ్ల స్కూళ్లకు దొరకడం కష్టం. మెక్సికో సరిహద్దున ఉన్న ఫార్-శాన్ హువాన్-అలమో స్కూలు డిస్ట్రిక్టులో అత్యధికులు పేద హిస్పానిక్ విద్యార్థులే అయినా, సౌత్ టెక్సాస్ కాలేజీతో కలిసి కాలేజీ కోర్సులను ప్రతిభావంతులైన కొందరికే పరిమితం చేయకుండా విస్తృతంగా అందించగలిగారు. ‘ఫాస్ట్’ రాకముందే అక్కడ ఫీజు మాఫీ ఉంది. ఫీజు మాఫీతో పాటు చదువు ఏర్పాట్లపైనా పట్టుబట్టడమే అక్కడి తేడా.

నా అభ్యంతరం క్రెడిట్ల సంఖ్యను విజయంగా చూపే ధోరణి మీద. టెక్సాస్ ప్రభుత్వ కాలేజీలన్నీ పరస్పరం అంగీకరించే 42 క్రెడిట్ల ‘కోర్’ (డిగ్రీలన్నింటికీ ఉమ్మడిగా ఉండే) కోర్సులు చదివినవారికి అవి తర్వాత అక్కరకొస్తాయి. ఖాళీ ఉన్నదని ఏదో ఒక కోర్సులో చేరినవారికి, 120 క్రెడిట్ల డిగ్రీలో దానికి చోటే దొరకకపోవచ్చు. పైగా పదహారేళ్లప్పుడు తప్పిన సబ్జెక్టు కాలేజీ మార్కుల రికార్డైన ట్రాన్‌స్క్రిప్టులో శాశ్వతంగా ఉండిపోతుంది, తర్వాత ఆర్థిక సాయానికీ అడ్డుపడవచ్చు. కాబట్టి ఏ కోర్సు ఏ డిగ్రీకి పనికొస్తుందో, మానుకోవాలంటే ఏ తేదీలోగా తప్పుకోవాలో చేరే రోజునే కౌన్సెలర్లు తల్లిదండ్రులకు వారి భాషలో చెప్పాలి. ఆ పనికి సరిపడా కౌన్సెలర్లను నియమించే ఖర్చునూ ఈ పథకం ఖర్చులో భాగంగానే ప్రభుత్వం లెక్కవేయాలి.