కడుపులో కాపురమున్న హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా గారికి

అయ్యా,

మీరు చాలామందిలో చిన్నప్పుడే చేరిపోతారట. అంటే అమ్మ కాపురానికి రాకముందే మా నాన్న కడుపులో మీరు కాపురం పెట్టేసి ఉంటారు. అన్నేళ్ల అద్దె అడగడం లేదు. ఆవకాయ సంగతి తేల్చుకుందామనే ఈ ఉత్తరం.

నాన్నకు కడుపులో మంట మొదలైన రోజే ఇంట్లో తీర్పు వచ్చేసింది: కారం, టెన్షన్. ఇద్దరూ పాత కేడీలే కదా, ఇక విచారణెందుకు? జాడీ అటకెక్కింది. పదేళ్లు ఆయన ఆనపకాయ, మజ్జిగన్నంతో గడిపారు. గులాబీరంగు మందు సీసా మూతలో పోసుకుని తాగి, ఆ మూత కడిగిన నీళ్లూ తాగేవారు. మీరు లోపల హాయిగా ఉన్నారు.

మీ తెలివే తెలివి! కడుపులోని యాసిడ్‌లో ఏదీ బతకదని డాక్టర్లు నమ్మిన రోజుల్లో, మీరు యూరియాను విరిచి అమ్మోనియా చేసి, చుట్టూ ఉన్న ఆమ్లాన్ని చల్లార్చుకుని, మెలితిరిగిన ఒంటితో జిగురుపొరలో దూరారు. యూరియాను వరిచేలో చల్లడమే మాకు తెలుసు.

1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో దొరికిపోయారు. అదీ ఈస్టర్ సెలవుల పుణ్యం. సూక్ష్మజీవుల్ని పెంచి చూసే ల్యాబ్ ప్లేట్లు, రెండ్రోజులకే పారేసేవి, ఐదు రోజులు అలాగే ఉండిపోతే మీరు పెరిగి కనిపించారు. కడుపులో పుండ్లకు మీరే కారణమంటే ఎవరూ నమ్మకపోతే 1984లో బారీ మార్షల్ అనే డాక్టరు మిమ్మల్ని కలుపుకుని తాగేశాడు. వాంతులయ్యాయి, కడుపు లోపలి పొర వాచింది. 2005లో ఆయనకూ, ఆయనతో కలిసి మిమ్మల్ని పట్టుకున్న డాక్టరు రాబిన్ వారెన్‌కూ నోబెల్ వచ్చింది. ఆ కబురు మా పెద్దమ్మకు ఇంకా అందలేదు, "కారం తగ్గించరా" అంటూనే ఉంది.

పాపమంతా మీదే అనను. నొప్పి మాత్రలకూ ఇందులో వాటా ఉంది. పైగా ఎక్కువమందిలో మీరు నోరెత్తకుండా పడి ఉంటారు. అయినా క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో 1994 నుంచీ మీ పేరుంది, కాబట్టి ఆ మర్యాదను నమ్మలేం.

చివరికి ఊపిరి పరీక్ష పట్టించింది. రెండు రకాల యాంటీబయాటిక్స్, యాసిడ్ తగ్గించే మాత్ర, 14 రోజులు. నోరంతా చేదని విసుక్కున్నా నాన్న ఒక్క పూటా మానలేదు. నెల దాటాక మళ్లీ ఊదిస్తే మీరు లేరు.

జాడీ దించి కడిగి ఎండబెట్టాం. మామిడికాయలొచ్చేదాకా ఆగలేక నాన్న పక్కింటి నుంచి గిన్నెడు ఆవకాయ తెప్పించారు. మొదటి ముద్దకే కళ్లలో నీళ్లు తిరిగాయి. "కారమెక్కువైందా?" అంది అమ్మ. ఆయన మాట్లాడకుండా ఇంకాస్త ఊట కలుపుకున్నారు.

ఇట్లు,
ఆవకాయ తరఫు వకీలు