మా ఇంట్లో ఆయన మాస్టారు
అమెరికా చెస్ గ్రాండ్‌మాస్టర్ డానియల్ నరోడిట్‌స్కీ పోయాక వచ్చిన ఒక వ్యాసం ఆయన్ని ముఖ్యంగా బ్లిట్జ్ (నిమిషాల్లో ముగిసే వేగపు చెస్) ఆటగాడిగా తలుచుకుంది. నిజమే, 2025 ఆగస్టులో అమెరికా నేషనల్ బ్లిట్జ్‌ను 14కి 14 గెలిచి కొట్టాడు. కానీ మా ఇంట్లో మాత్రం ఆయన మాస్టారు. స్పీడ్‌రన్ వీడియోల్లో, అంటే కొత్త ఖాతాతో కింది స్థాయి నుంచి పైకి ఎక్కుతూ ఆడే ఆటల్లో, తక్కువ రేటింగ్ వాళ్లతో ఆడుతూనే ప్రతి ఎత్తూ ఎందుకు వేస్తున్నాడో చెప్పేవాడు, ఆట అయ్యాక మళ్లీ మొదటికి వెళ్లి ఓపిగ్గా చూపించేవాడు. ఎదుటివాడు తప్పు ఎత్తు వేస్తే వెక్కిరించడం నేను చూసిన వీడియోల్లో ఒక్కసారీ లేదు. మా అబ్బాయికి కోచింగ్‌లో ఓపెనింగ్‌లు, అంటే ఆట మొదట్లో వేసే ఎత్తులు, బట్టీ పట్టించారు. ఏనుగులు మిగిలిన ఎండ్‌గేమ్‌లో (ఆట చివరి దశలో) రాజును దాచిపెట్టకుండా ముందుకు నడపాలని వాడికి తెలిసింది ఈయన దగ్గరే. ఇప్పటికీ వాడి నోట్‌బుక్ నిండా పెన్సిల్‌తో గీసుకున్న గళ్లే. 2025 అక్టోబరులో, ఆయన పాఠాలు చెప్పిన షార్లట్ చెస్ సెంటర్ ప్రకటన చూసి ఆయన చనిపోయాడని చెబితే మా అబ్బాయి నమ్మలేదు. ఆయనకు 29 ఏళ్లే కదా, వాడెలా నమ్ముతాడు! ఆ రాత్రి అన్నం కలిపి పెట్టినా ముట్టలేదు. పాత వీడియో ఒకటి పెట్టుకుని, సౌండ్ తగ్గించి చూస్తూ ఉండిపోయాడు. నాకూ లేవబుద్ధి కాలేదు, పక్కనే కూర్చున్నాను.